ఏదీ పోని దొంగతనం

చిత్తూరు జిల్లా కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి గుడి పక్కన పారే ఏటికి బాహుద అని పేరు. ఆ పేరు వెనక ఒక దొంగతనం కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ తపస్సు చేసుకునేవాళ్ళే. మహాభారతం శాంతిపర్వంలో వ్యాసుడు ధర్మరాజుకి చెప్పిన ప్రకారం, అన్న లేని వేళ అతని ఆశ్రమానికి వెళ్ళిన తమ్ముడు చెట్టున మాగిన పండ్లు కోసుకు తిన్నాడు. కాణిపాకంలో చెప్పుకునే కథలో అది మామిడిపండు. అన్న తిరిగొచ్చి ఎక్కడివని అడిగితే, ఇక్కడివేనని తమ్ముడు నవ్వుతూ చెప్పాడు. అడక్కుండా తీసుకున్నావు కాబట్టి ఇది దొంగతనమే, రాజు దగ్గరికి వెళ్ళి శిక్ష వేయించుకో అన్నాడు శంఖుడు. సుద్యుమ్న మహారాజు సంగతంతా విని, దండించే అధికారం రాజుకి ఉందంటే క్షమించే అధికారం కూడా ఉన్నట్టే కదా, క్షమించాను పొమ్మన్నాడు. లిఖితుడు ఒప్పుకోలేదు. పట్టుబట్టి రెండు చేతులూ నరికించుకున్నాడు. తర్వాత అన్న చెప్పినట్టు బాహుదలో మునిగితే పోయిన చేతులు మళ్ళీ వచ్చాయి.

ఈ కథలో నష్టపోయినవాడంటూ ఎవడూ లేడు. శంఖుడికి ఆ పండ్లమీద ఆశ లేదు. తమ్ముడు అడిగుంటే తనే కోసిచ్చేవాడు. రాజు వదిలేస్తానన్నాడు. అయినా తప్పు తప్పుగానే మిగిలింది. ఎవరి సొమ్మూ తగ్గకుండా దొంగతనం జరుగుతుందా అన్న ప్రశ్నకు ఈ కథ తడుముకోకుండా జరుగుతుందనే జవాబిస్తుంది.

పాత కంప్యూటర్‌కి విండోస్ మళ్ళీ వేయించాల్సి వచ్చినప్పుడు సరిగ్గా ఈ ప్రశ్నే మామూలు మనుషుల ముందుకొచ్చి నిలబడుతుంది. కొన్నప్పుడు వచ్చిన డిస్క్ ఎక్కడ పెట్టారో గుర్తుండదు. అసలు చాలా కంపెనీలు డిస్క్ ఇవ్వడమే మానేసి, హార్డ్ డిస్క్‌లోనే ఒక మూల రికవరీ భాగం పెట్టి పంపాయి. హార్డ్ డిస్క్ పోతే దాంతోపాటే అదీ పోతుంది. అడుగున అంటించిన స్టిక్కర్ మీద 25 అక్షరాల కీ చెమటకీ రాపిడికీ చెరిగిపోయి ఉంటుంది. సర్వీసు షాపు కుర్రాడు పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫార్మాట్ కొట్టి, కీ లేకుండానే విండోస్ నడిచేలా చేసే ఏదో యాక్టివేటర్ నడిపి చేతికిచ్చేస్తాడు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ దొంగతనమనే మాటే తట్టదు. తట్టినా, మైక్రోసాఫ్ట్‌కి పోయిందేముందని సమాధానం చెప్పుకుంటారు. ఆ సమాధానం పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఒక నిజం కేసు పనికొస్తుంది.

ఎరిక్ లండ్‌గ్రెన్ కాలిఫోర్నియాలో ఎలక్ట్రానిక్ చెత్తను తిరిగి వాడుకలోకి తెచ్చే వ్యాపారి. పారేసిన కంప్యూటర్లకు మళ్ళీ ప్రాణం పోయడం అతని పని. మంచి స్థితిలో ఉన్న పాత మెషీన్లను కూడా జనం పారేస్తున్నారంటే, విండోస్ తిరిగి వేసుకునే డిస్క్ చేతిలో లేకపోవడం ఒక కారణమని అతను చూశాడు. చైనాలో 28,000 రికవరీ డిస్కులు చేయించాడు. అచ్చం డెల్ కంపెనీ కంప్యూటర్‌తోపాటు ఇచ్చే డిస్కుల్లాంటివే, మీద డెల్ లేబుల్ కూడా ఉంది. పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే దుకాణాలకి వీటిని అతి తక్కువకి ఇవ్వాలన్నది తన ఆలోచన అని అతను చెప్పుకున్నాడు. సరుకు కస్టమ్స్‌కి చిక్కింది, కేసు పడింది. నేరం ఒప్పుకున్నాడు. 2017లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టు 15 నెలల జైలు, 50,000 డాలర్ల జరిమానా వేసింది. 2018 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

వాదనంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది: ఆ డిస్క్ ఖరీదెంత? లండ్‌గ్రెన్ తరఫు నిపుణుడు సున్నా అన్నాడు. ఎందుకంటే అందులో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని లైసెన్స్ ఉన్నవాళ్ళు ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. లైసెన్స్ లేనివాళ్ళకి ఆ డిస్క్ ఉన్నా లేనట్టే, కీ లేకుండా అది సరిగ్గా పనిచేయదు. ప్రభుత్వం లెక్క వేరు. పాత కంప్యూటర్లు అమ్మే చిన్న వ్యాపారులకి మైక్రోసాఫ్ట్ లైసెన్స్‌తో కలిపి డిస్క్‌ని అప్పట్లో సుమారు 25 డాలర్లకు ఇచ్చేది కాబట్టి ఒక్కోదానికి అంత వేయాలంది. 28,000 డిస్కులకి ఏడు లక్షల డాలర్లు. కోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. శిక్ష ఎంతన్నది ఆ గుణకారం మీదే ఆధారపడింది. లైసెన్స్‌కి పెట్టిన ధరని లైసెన్స్ లేని ప్లాస్టిక్ బిళ్ళకి అంటగట్టడం న్యాయంగా కనిపించదు. అలాగని లండ్‌గ్రెన్ కడిగిన ముత్యమనీ అనలేం. తనది కాని కంపెనీ పేరు అచ్చేసి వ్యాపారానికి దిగినమాట నిజం.

సాఫ్ట్‌వేర్ దొంగతనమన్న మాట పుట్టింది 1976లో అని చెప్పుకోవచ్చు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, ఇరవయ్యేళ్ళ బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచిపరులందరినీ ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం తాము రాసిన బేసిక్ ప్రోగ్రామ్‌ని చిల్లుల కాగితపు చుట్టలమీద ఒకరినుంచి ఒకరు నకలు తీసుకుంటున్నారని ఫిర్యాదు. తమ శ్రమకి గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదని లెక్క చెప్పాడు. అప్పటికి చాలామందికి ఆ కోపం అర్థం కాలేదు. వాళ్ళ దృష్టిలో ప్రోగ్రామ్ అంటే యంత్రంతోపాటు వచ్చేది, నలుగురూ పంచుకునేది. ఆ తర్వాత 22 ఏళ్ళకి అదే గేట్స్ చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మనవే దొంగిలించడం మేలు, అలవాటుపడ్డాక ఏదో ఒకనాటికి డబ్బు రాబట్టుకోవచ్చన్న అర్థంలో ఒక మాటన్నాడు. ఫిర్యాదు చేసిన యజమానే ఒక కన్ను మూసుకున్నాడన్నమాట. దొంగతనాన్ని తూచేవాళ్ళకి ఇదొక కొత్త చిక్కు.

చట్టాలు కూడా ఒక్క గొంతుతో మాట్లాడలేదు. 1985లో డౌలింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకి ఎల్విస్ ప్రెస్లీ పాటల దొంగ రికార్డులు వచ్చాయి. కాపీరైట్ ఉల్లంఘన తప్పేగాని, ఆ రికార్డులు దొంగసొత్తు రవాణా చట్టం కిందికి వచ్చే దొంగసొత్తు కాదని కోర్టు తేల్చింది. మన దగ్గర ఇంకో మలుపు. 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకపు పన్ను కేసులో, డిస్కులో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పన్ను కట్టేటప్పుడు అది బియ్యం బస్తాలాంటి సరుకు. కొన్నవాడు దాన్ని ఇంకో మెషీన్‌లో వేసుకుంటానంటే మాత్రం, కంపెనీ ఒప్పందం బయటికి తీసి నీకు అమ్మింది సరుకు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనంటుంది. కొనుగోలుదారుడి కోపానికి అసలు మూలం ఇక్కడే ఉంది. బిల్లు మీద అమ్మకం, షరతుల్లో అద్దె.

ఈ గందరగోళాన్ని రెండు వేల ఏళ్ళ కిందటి సన్న్యాసులు ఊహించి ఉండరు. అయినా దొంగతనాన్ని నిర్వచించడానికి వాళ్ళు పడ్డ తంటాలు నేటి కోర్టుల తంటాలకంటే సూక్ష్మమైనవి. ఎందుకంటే వాళ్ళకి జైలూ జరిమానా ముఖ్యం కాదు. మనిషి సంఘంలో ఉండటానికి తగినవాడా కాదా అన్నదే తేల్చాలి.

భిక్షువుల నియమాల సంకలనమైన బౌద్ధ వినయపిటకంలో ధనియుడనే భిక్షువు ఉన్నాడు, కుమ్మరి కొడుకు. రాజగృహంలో కుటీరం కట్టుకోవడానికి కలప కావాల్సి వచ్చి, బింబిసార మహారాజు నగర మరమ్మతుకని దాచిన దుంగల్ని తోలుకుపోయాడు. కాపలా అధికారి అడ్డుపడితే రాజే ఇచ్చాడన్నాడు. రాజు పిలిపించి అడిగాడు. పట్టాభిషేకం నాడు మీరు శ్రమణులకీ బ్రాహ్మణులకీ గడ్డి, కలప, నీరు ఇచ్చానని ప్రకటించలేదా అని ధనియుడి ఎదురు ప్రశ్న. ఆ మాట నిజమే, కానీ అడవిలో ఎవరిదీ కాని వాటి గురించి అన్నాను, దాచిన దుంగల గురించి కాదన్నాడు బింబిసారుడు. కాషాయం చూసి ప్రాణంతో వదిలేశాడు. దాంతో బుద్ధుడు నియమం పెట్టాడు: ఇవ్వనిదాన్ని దొంగబుద్ధితో తీసుకున్న భిక్షువు, దాని విలువ రాజు శిక్షించే స్థాయికి, అంటే ఆనాటి నాణేల్లో అయిదు మాసకాలకి చేరితే, ఆ క్షణమే భిక్షుత్వం కోల్పోతాడు.

లైసెన్స్ ఒప్పందాన్ని తనకి కావాల్సినట్టు చదువుకున్న తొలి మనిషిగా ధనియుణ్ణి చెప్పుకోవచ్చు. డౌలింగ్ కేసు పోయిందేమిటని అడుగుతుంది. వినయం మొదట ఇచ్చారా లేదా అని అడుగుతుంది, ఎంత అన్నది ఆ తర్వాతి మాట. మొదటి ప్రశ్న తప్పు ఉందో లేదో తేలుస్తుంది, రెండోది ఆ తప్పు బరువు చెబుతుంది. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయడం వల్లే సాఫ్ట్‌వేర్ తగాదాల్లో ఇరుపక్షాలూ దారి తప్పుతున్నాయి. కంపెనీ తప్పు చూపించి ధర పెంచుతుంది. వాడకందారు ధర సున్నా అని చూపించి తప్పే లేదంటాడు.

ధర విషయంలో బౌద్ధుల దగ్గర ఒక అద్భుతమైన తీర్పు ఉంది. అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలో కూర్చి రాసిన వినయ వ్యాఖ్యలో అది కనిపిస్తుంది. అంతరసముద్రమనే చోట ఒక భిక్షువు మంచి ఆకారమున్న కొబ్బరిచిప్పని శంఖంలా నునుపుగా చెక్కి తాగే గిన్నె చేసుకున్నాడు. దాన్ని అక్కడే వదిలి చైత్యగిరికి వెళ్ళాడు. వెనకొచ్చిన ఇంకో భిక్షువు దాన్ని చూసి మనసుపడి, దొంగబుద్ధితోనే తీసుకుని అదే చైత్యగిరికి చేరాడు. అందులో గంజి తాగుతుండగా మొదటివాడు పట్టేశాడు. గొడవ పెరిగి మహావిహారం దాకా వెళ్ళింది. వినయం చదివిన పెద్దలు ఇతను పతితుడేనన్నారు. సభలో ఉన్న గోదత్త స్థవిరుడు లేచి కొన్ని ప్రశ్నలు వేశాడు. ఎక్కడ తీసుకున్నాడు? అంతరసముద్రంలో. అక్కడ దాని ఖరీదెంత? అక్కడ కొబ్బరి తినేసి చిప్ప పారేస్తారు, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. పోనీ చెక్కిన పనితనానికి ఎంత? ఒక మాసకం, లేదా అంతకంటే తక్కువ. మాసకానికీ అంతకు తక్కువకీ భిక్షుత్వం పోతుందని బుద్ధుడు ఎక్కడైనా చెప్పాడా? సభంతా సాధువాదాలు చేసింది. చైత్యానికి మొక్కుకోవడానికి వస్తూ ఆ సందడి విన్న భాతియ రాజు, ఇకమీదట గోదత్తుడి తీర్పే తీర్పని దండోరా వేయించాడు.

వస్తువు, కాలం, దేశం, ధర, వాడకం అనే అయిదింటినీ తూచాకే నిర్ణయించాలని ఆ వ్యాఖ్య చెబుతుంది. కొత్త గొడ్డలికీ అరిగిన గొడ్డలికీ ఒకే వెల కట్టకూడదు. ఈ తూకంలో పెడితే లండ్‌గ్రెన్ డిస్కులు కొబ్బరిచిప్పలే. డౌన్‌లోడ్‌గా ఊరికే దొరికేదాన్ని బిళ్ళమీదికి ఎక్కించారు, ఆ ఎక్కించిన పనితనానికి వెల కొద్ది సెంట్లు. ఒక సంగతి మరిచిపోకూడదు. గోదత్తుడు ఆ భిక్షువుని నిర్దోషి అనలేదు. దొంగబుద్ధి ఉంది, చిన్న దోషం అంటుకుంది, దానికి తగిన ప్రాయశ్చిత్తం ఉంది. పోయింది పెద్ద శిక్ష మాత్రమే. ఫ్లోరిడాలో ఆ అయిదు ప్రశ్నల్లో ఒక్క ధరని మాత్రమే పట్టుకున్నారు, అదీ ఇంకో వస్తువు ధర.

జైనులు ఇంకా లోతుకి దిగారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం కూడా ఇవ్వనిది తీసుకోవడమే దొంగతనమంటుంది. కన్నడదేశపు ఆచార్యుడు పూజ్యపాదుడు సర్వార్థసిద్ధి అనే వ్యాఖ్యలో ఈ నిర్వచనం మీద తానే అభ్యంతరాలు లేవనెత్తి తానే జవాబిస్తాడు. ఇవ్వనిదల్లా దొంగతనమైతే, జీవుడు కర్మ పరమాణువుల్ని తీసుకోవడమూ దొంగతనమే కావాలి, వాటిని ఎవరూ ఇవ్వలేదు కదా? కాదు, ఇచ్చిపుచ్చుకోవడం సాధ్యమైన వాటి విషయంలోనే దొంగతనమనే మాట పుడుతుంది. సరే, భిక్షకి తిరిగే ముని ఊరి వీధుల్లో, వాకిళ్ళలో అడుగుపెడుతున్నాడు, ఎవరి అనుమతి తీసుకున్నాడు? అదీ దోషం కాదు, అవి అందరికీ వదిలినవి. మూసిన తలుపు తోసుకుని ముని లోపలికి వెళ్ళడు, అది వదలనిది కాబట్టి. పైగా ఏమరుపాటుతో, రాగంతో చేసినప్పుడే అది దొంగతనం.

ఇప్పుడు ఆ సర్వీసు షాపులోకి తిరిగి వెళ్ళొచ్చు. కంప్యూటర్‌తోపాటు విండోస్‌కి డబ్బు కట్టినవాడు, డిస్క్ పోగొట్టుకుని, మైక్రోసాఫ్ట్ తన సైట్లో ఉంచిన ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని మళ్ళీ వేసుకుంటే, అది వదిలిన వాకిలి. విండోస్ 8 నుంచి చాలా కంప్యూటర్లలో కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది, దాన్ని అడగనక్కర్లేకుండా సిస్టమే చదువుకుంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా, న్యాయంగా ప్రోగ్రామ్ ప్రతి ఉన్నవాడు అది పాడైపోతుందన్న జాగ్రత్తతో నకలు తీసి పెట్టుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. తిరిగి వేసుకునే డిస్క్ అసలు ఏ ఫ్యాక్టరీలో అచ్చయిందన్నది ధర్మానికి అక్కర్లేని విషయం. పక్కింటివాడి డిస్క్ తెచ్చుకుని తన కీ వాడుకున్నా అంతే.

యాక్టివేటర్ నడపడం మాత్రం మూసిన తలుపు తోయడమే. కీ అడిగే గుమ్మాన్ని ఏమార్చడానికే ఆ ప్రోగ్రామ్ పుట్టింది. పోయిందేముందన్న వాదన ఇక్కడ పనిచేయదు, ముని లోపలికి అడుగుపెట్టినా ఇంట్లో వస్తువేదీ తగ్గదు.

రెంటికీ మధ్య బురదనేల ఒకటుంది. మదర్‌బోర్డు కాలిపోయి మార్పించుకున్నవాడి సంగతేమిటి? కంప్యూటర్ తయారీదారు ద్వారా వచ్చిన లైసెన్స్ ఆ బోర్డుకి కట్టిపడేసినది. బోర్డు చస్తే లైసెన్స్ కూడా చచ్చినట్టే లెక్క, వారంటీలో తయారీదారే మారిస్తే తప్ప. అదే మనిషి, అదే బల్ల, అదే స్క్రీన్, అదే పని. డబ్బు కట్టింది మనిషి, అనుమతి పొందింది సర్క్యూట్. ఇలాంటి షరతుని ఎవరూ చదవని పొడవాటి ఒప్పందంలో పెట్టి, చదివానని టిక్కు పెట్టించుకున్నంత మాత్రాన అది నిజమైన ఇచ్చిపుచ్చుకోలు అవుతుందా? బింబిసారుడు తన ప్రకటనలో అడవి అని స్పష్టంగా అని ఉంటే ధనియుడికి సందు దొరికేది కాదు. ఇచ్చేవాడి మాట మసకగా ఉంటే పుచ్చుకునేవాడి తప్పులో కొంత ఇచ్చేవాడికి చెందాలి. ఈ ఒక్క చోట వాడకందారు వైపు మొగ్గడమే న్యాయమనిపిస్తుంది, చట్టం ఒప్పుకోకపోయినా.

తత్త్వార్థసూత్రం గృహస్థుల కోసం ఇంకో మంచి పని చేసింది. దొంగతనం చేయననే వ్రతానికి అంటుకునే అయిదు మచ్చల్ని విడిగా చెప్పింది. వ్రతం పూర్తిగా చెడిపోకుండానే అంటుకునే మరకలివి. దొంగని పురికొల్పడం ఒకటి. దొంగ తెచ్చింది పుచ్చుకోవడం రెండోది. రాజ్యపు కట్టుబాటు దాటి లాభపడటం, తప్పుడు తూకాలు, నకిలీని అసలుగా చలామణీ చేయడం మిగతా మూడు. కస్టమర్ నోరు విప్పి క్రాక్ వేయమని అడగడు. తక్కువలో చేసిపెట్టమంటాడు, అంతే. అది మొదటి మచ్చ. పట్టుకెళ్ళడం రెండోది. లండ్‌గ్రెన్‌కి అంటింది అయిదోది, డెల్ లేబుల్. కీ లేని డిస్క్‌కి లైసెన్స్ ధర కట్టిన లెక్కని నాలుగోదాని కింద పెట్టాలనిపిస్తే ఉమాస్వాతి కాదనడేమో.

పేద విద్యార్థి మాటేమిటని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిందే. ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుకి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్న పిల్లవాడికి ఆ ల్యాప్‌టాప్ ధరలో సగానికి దగ్గరగా ఉండే లైసెన్స్ కొనమని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? శాంతిపర్వంలోనే ఆపద్ధర్మం గురించి చెప్పేచోట, పన్నెండేళ్ళ కరువులో విశ్వామిత్రుడు చండాలవాడలో కుక్క తొడమాంసం దొంగిలించడానికి రాత్రిపూట వెళ్తాడు. మేలుకున్న చండాలుడు మహర్షికి ధర్మం బోధిస్తాడు, మహర్షి ఆకలి ధర్మం చెబుతాడు. భారతంలో ఇంత ఘాటైన వాదన కొద్దిచోట్లే ఉంది. విశ్వామిత్రుడు ప్రాణం నిలబెట్టుకోవడం తప్పు కాదన్న వైపే కథ నిలబడుతుంది. మన చట్టంలోనూ ఆ జాలి ఛాయ ఉంది. దొంగ సాఫ్ట్‌వేరని తెలిసి వాడినవాడికి కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ ఏడు రోజులనుంచి మూడేళ్ళదాకా జైలు రాసింది. వ్యాపారానికో లాభానికో వాడలేదని తేలితే మాత్రం జైలు లేకుండా, 50,000 రూపాయలు మించని జరిమానాతో వదలొచ్చంది.

అయితే ఆపద్ధర్మానికి ఒక షరతుంది, వేరే దారి లేకపోవాలి. విశ్వామిత్రుడి వాడలో ఆ రాత్రి ఇంకే తిండీ లేదు. ఈ పిల్లవాడి ముందు ఉబుంటు ఉంది, డెబియన్ ఉంది. రెండూ ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌లు, రెండూ పాత మెషీన్లమీద నడుస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ళుగా తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం, కాలేజీ పిల్లలకి ఇవి నేర్పడం కోసం పనిచేస్తోంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు విండోస్‌ని పక్కనబెట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌మీదే నడుస్తున్నాయి. కాలేజీ లాబ్‌లో చెప్పే సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవకపోతే, అప్పుడు తప్పు లెక్కలో సిలబస్ రాసినవాళ్ళనీ చేర్చాలి. ఎక్కువమంది విషయంలో ఆకలి మాత్రం సాకే. అలవాటే అసలు కారణం. 1998లో గేట్స్ నమ్ముకున్నది ఆ అలవాటునే.

దాచుకోవడమే పాపమన్నవాళ్ళూ ఉన్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందరూ పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు అతను లేవనెత్తింది సాంకేతిక ప్రశ్న కాదు. పక్కవాడు అడిగితే ప్రోగ్రామ్ నకలు ఇవ్వనని ముందే మాటిచ్చి సంతకం పెట్టడం అధర్మమన్నాడు. ఉపన్యాసాల చివర పాత కంప్యూటర్ డిస్క్‌ని శిరోవలయంలా తలకి పెట్టుకుని, అంగీ వేసుకుని, సెయింట్ ఇగ్నూషియస్ వేషంలో జనాన్ని నవ్వించడం అతనికి సరదా. వేషం హాస్యమే, వాదన కాదు. స్వీడన్‌లో ఐజాక్ గెర్సన్ అనే తత్వశాస్త్ర విద్యార్థి ఇంకో అడుగు ముందుకేసి కోపిమిజం అనే మతమే స్థాపించాడు. నకలు తీయడం పవిత్రకార్యం, కంట్రోల్-సీ, కంట్రోల్-వీ పవిత్ర చిహ్నాలు. 2012 జనవరిలో ఆ దేశం దాన్ని మతసంస్థగా నమోదు చేసినట్టు లోకానికి తెలిసింది. ముస్లిం న్యాయశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నని మరో దిక్కునుంచి చూశారు. చేత్తో పట్టుకోలేనిది సొత్తు అవుతుందా అన్న చర్చ వాళ్ళలో చాలాకాలం నడిచింది. 1988లో కువైట్‌లో కలిసిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, రచయిత హక్కూ ఆవిష్కర్త హక్కూ షరియత్ కాపాడే సొత్తేనని తీర్మానించింది. స్టాల్‌మన్‌ది ఉదారమైన వాదనే, కానీ తాళం పెట్టడమే పాపమైతే తలుపు పగలగొట్టినవాడు పుణ్యాత్ముడవుతాడన్న చోటికి అది జారిపోయే ప్రమాదం ఉంది. జారకుండా ఆపినవాడు కూడా స్టాల్‌మనే. విండోస్ నకళ్ళు దొంగతనంగా పంచండని అతను ఉద్యమం నడపలేదు. కూర్చుని వేరే సిస్టమ్ రాయడం మొదలుపెట్టాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తెచ్చిన లినక్స్ కెర్నెల్ దానికి జతపడింది.

అలా ఇచ్చినదానికీ షరతుంది. జీపీఎల్ అనే లైసెన్స్ కింద లినక్స్‌ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మార్చి అమ్మేటప్పుడు మార్చిన కోడ్‌ని కొన్నవాళ్ళ చేతికి ఇవ్వాలి. 2003లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ అమ్ముతోంది. దాని లోపల నడుస్తున్నది లినక్సేనని, కోడ్ మాత్రం ఎక్కడా ఇవ్వలేదని కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. ఈసారి ఇవ్వనిదాన్ని తీసుకున్నది కంపెనీ, నష్టమేమిటని అడిగే అవకాశం కూడా దానికే వచ్చింది. లినక్స్ రాసినవాళ్ళ దగ్గర ఒక్క అక్షరం తగ్గలేదు మరి. ఒత్తిడి పెరిగాక లింక్‌సిస్ కోడ్ విడుదల చేసింది. లింక్‌సిస్‌ని కొనేసిన సిస్కో మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో ఇలాంటి ఉల్లంఘనలకే కేసు వేసింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2003లో బయటికొచ్చిన ఆ కోడ్‌ని పట్టుకుని కొందరు 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలుపెట్టారు. తయారుచేసిన కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన ఎన్నో రౌటర్లకి ఇప్పుడు జనం ఆ సిస్టమ్‌నే కొత్తగా వేసుకుంటున్నారు. దానికి డిస్క్ అక్కర్లేదు, కీ అడిగేవాడూ లేడు.